అర శాతం లోపు

కారు ముందు రేకు మీద వడియాలు పెట్టారని నేనూ, పెడితే అరిగిపోయిందా అని అత్తయ్యగారూ. ఆ ఎండాకాలం మా ఇంట్లో మొదటిసారి మాటా మాటా పెరిగింది దీని మీదే.

"అత్తయ్యగారూ, అది కారండీ. బల్ల కాదు" అన్నాను.

"కారని నాకూ తెలుసమ్మాయ్. నెల్లాళ్ల నుంచీ కదలకుండా అక్కడే ఉంది. సాయంత్రం నాలుగింటి దాకా ఎండ నిలిచేది మన వాకిట్లో అదొక్కచోటే. నీ కారు అక్కడుంటే నా వడియాలు ఎక్కడికి పోవాలి? పైగా రేకు బాగా కాలుతోంది. రెండ్రోజుల్లో ఎండేవి ఒక్క పూటలో ఎండిపోతున్నాయి."

"పిండిలో ఉప్పుంటుందండి. రంగు పోతుంది."

"కింద గుడ్డ వేశాను కదా! అయినా పోనీలే, ఆ కారు దేనికో ఒకదానికి పనికొచ్చింది."

ఆ చివరి మాటకి వరండాలో కూర్చున్న మావారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. పేపరు వణుకుతోంది. నవ్వుతున్నారన్నమాట. మా అమ్మాయి హరిచందన సెలవులకి రాజమండ్రి నుంచి వచ్చి ఉంది. అది దాచుకోకుండానే నవ్వింది. నేను వడియాల గుడ్డని నాలుగు కొసలూ పట్టుకుని, ఒక్క వడియం కూడా జారకుండా తీసుకెళ్లి మేడ మీద పరిచి వచ్చాను.

మాది మండపేటలో గోనెసంచుల వ్యాపారం. బియ్యం మిల్లులున్నంత కాలం సంచులకి గిరాకీ ఉంటుంది, సంచులకి గిరాకీ ఉన్నంత కాలం మా ఇంట్లో ఏ వస్తువు గడప దాటి వచ్చినా "దేనికి?" అని అడుగుతారు. కోపంతో కాదు, అలవాటు. నేను కాపరానికొచ్చిన కొత్తలో గాజు పూలకుండీ తెస్తే దానికీ అదే ప్రశ్న. చివరికి అందులో గరిటెలు పెట్టుకున్నాం.

పసుపుపచ్చ కారు, రెండే సీట్లు, పైన మడిచి వెనక్కి తోసే గుడ్డ కప్పు. దానికి మాత్రం జవాబు దొరకలేదు.

పాలకొల్లులో ఒక గృహప్రవేశానికి వెళ్లినప్పుడు పక్కింటి వాకిట్లో చూశాను. ఆశాజ్యోతిగారని పళ్ల డాక్టరుగారిది. "పెళ్లికి ముందు కొనుక్కున్నానండి, కొత్తదే. ఇప్పుడు ముగ్గురు పిల్లలు. ఎవర్ని దింపెయ్యమంటారు చెప్పండి?" అన్నారు నవ్వుతూ. ఒకసారి కూర్చోమన్నారు. సీటు ఎంత కిందికుందంటే, రోడ్డు కూడా మన పక్కనే చాప వేసుకు కూర్చున్నట్టుంది. మావారి కంటి ఆపరేషనప్పుడు కొట్టు వ్యాను నడపడం నేర్చుకున్నాను. లైసెన్సు ఉంది. ఏడేళ్లుగా ఇంటరు పిల్లలకి కెమిస్ట్రీ ట్యూషను చెప్పి దాచుకున్న నా డబ్బుంది. మావారికి చెప్పే కొన్నాను. అడిగి కాదు.

ఆయన గొడవ పెట్టలేదు. కారు ఇంటికొచ్చిన రోజు కళ్లజోడు పెట్టుకుని ఆర్సీ పుస్తకం రెండుసార్లు చదివారు.

"జూన్ ముప్పైకి పదిహేనేళ్లు నిండుతాయి. రిజిస్ట్రేషను మళ్లీ చేయించాలి. దానికి ఫిట్‌నెస్సు, అంతకు ముందు పొల్యూషన్ కాగితం. మన వాకిట్లో కాగితాల్లేని బండి ఇంతవరకూ నిలబడలేదు కన్యకా. ముప్పయ్యో తారీఖు లోపల అయితే ఉంచుకో. కాకపోతే తుక్కుకిచ్చేద్దాం. సరేనా?"

"సరేనండి" అన్నాను. న్యాయమైన మాటే. ఆయన కొనుంటే నేనూ ఇదే షరతు పెట్టేదాన్ని.

పొల్యూషన్ కాగితం లేని బండిని రోడ్డు మీద నడపడం తప్పని మావారు దాన్ని మినీ లారీ మీద ఎక్కించారు. సంచులు తోలే లారీయే. రెండు చెక్కలు వాలుగా వేసి, ఆరుగురు హమాలీలు తోసి, తాళ్లతో నాలుగు వైపులా బిగించారు. ఆయన లెక్కలో సరుకు చేరాల్సిన చోటికి గీత పడకుండా చేరాలి. అంతే. ఇంజనుకి అరుగుదల లేదు, పోలీసుల గొడవ లేదు. నాకు కూడా బాగానే అనిపించింది, అబద్ధం చెప్పడం దేనికి.

మిల్లుల ముందునుంచి వెళుతుంటే నూకలు చెరుగుతున్న ఆడవాళ్లు చేటలు ఆపి చూశారు.

"షావుకారుగారూ! పెళ్లికొడుకుది ఏ ఊరండీ?"

"పల్లకీ బాగుంది గానీ, నడిచే ఓపిక లేదా అండీ ఆయనకి?"

మావారు లారీ ముందు సీట్లో నిటారుగా కూర్చుని నవ్వకుండా చెయ్యెత్తారు.

పొల్యూషన్ చూసే గది పెట్రోలు బంకు పక్కన. మనిషి పట్టేంత గది, ఒక కంప్యూటరు, ఒక గొట్టం. అక్కడుండే అమ్మాయి పేరు వినీల. పాతికేళ్లుంటాయి. దుమ్ముకి మొహం చుట్టూ చున్నీ కట్టుకుని ఉంది. చెక్కలు వేసి కారు దింపగానే స్టార్టు చేశాం. ఆ అమ్మాయి గొట్టం తెచ్చి సైలెన్సర్లో పెట్టింది. తెర మీద అంకెలు పరిగెత్తి ఒకచోట ఆగాయి.

"రెండు పాయింట్ తొమ్మిదండి. పొగలో కార్బన్ మోనాక్సైడు అర శాతం లోపు ఉండాలి. ఫెయిలండి."

"కాస్త చూసి రాయమ్మా. ఇంత దూరం తెచ్చాం" అన్నారు మావారు.

"రాసేది నేను కాదండి, మిషను. మెకానిక్కుకి చూపించి తీసుకురండి. ఎన్నిసార్లయినా పెడతాను."

ఆ అమ్మాయి నాకు నచ్చింది. ఆ ముక్క మావారితో అనలేదు.

వీరబ్రహ్మంగారి షెడ్డు కాలవగట్టు మీద. అరవై దాటిన మనిషి. ఏ బండి వచ్చినా ముందు చెవి పెట్టి వింటారు. కబురు చేస్తే ఇంటికే వచ్చి, మా కారు చుట్టూ ఒకసారి తిరిగి, మూత ఎత్తి, గాలి వడకట్టే డబ్బా విప్పారు. విప్పి, లోపలికి చూసి, నన్ను పిలిచారు.

"ఇటు రండమ్మా. మీ సరుకే."

ఎలుక. ఎలుక లేదు గానీ దాని కాపరం ఉంది. మా కొట్లోంచి పీకి తెచ్చిన గోనెపీచు మెత్తగా పరిచి, పైన గుప్పెడు వడ్లు దాచుకుంది.

"మంచి సంచి పీచే వాడిందమ్మా. నాసిరకం కాదు" అన్నారు బ్రహ్మంగారు.

గాలి ఫిల్టరు మార్చారు. ప్లగ్గులు మార్చారు. పాత పెట్రోలు తీసి కొత్తది పోశారు. ఇంజను చప్పుడు గొంతు సవరించుకున్నట్టు మారింది. రోహిణీకార్తె ఎండలో మళ్లీ లారీ, మళ్లీ చెక్కలు, మళ్లీ చేటలు ఆపిన ఆడవాళ్లు. ఈసారి "పెళ్లి కుదరలేదా అండీ?" అని అడిగారు.

"ఒకటి పాయింట్ ఆరండి" అంది వినీల. "తగ్గింది. కానీ చాలదండి."

కాగితం తీసుకెళ్లి చూపిస్తే బ్రహ్మంగారు దాన్ని రెండుసార్లు చూసి పక్కన పెట్టారు. స్పానరుతో నేల మీద గీస్తూ కూర్చున్నారు.

"సైలెన్సర్లో ముందువైపు ఒక జల్లెడలాంటిది ఉంటుందమ్మా. పొగని శుభ్రం చేసేది అదే. దాని పని అయిపోయినట్టుంది. ఈ బండికి కొత్తది ఎక్కడా దొరకదు. హైదరాబాదులో కూడా అడిగించాను."

"దొరక్కపోతే?"

"దొరక్కపోతే ఇంతేనమ్మా. మీ ఆయనగారి మాట వినడమే."

అప్పటికి జూన్ పదో తారీఖు దాటింది. మావారు తుక్కు మాట ఎత్తలేదు. ఎత్తకపోవడమే నాకు ఇబ్బందిగా ఉంది. రోజూ పొద్దున్నే కారు మీద దుమ్ము తుడుస్తూ కనిపించేవారు. నన్ను చూసి గుడ్డ జేబులో పెట్టుకునేవారు.

పదిహేడో తారీఖు సాయంత్రం దీపాల వేళకి కొట్టు నుంచి తొందరగా వచ్చేశారు. ఒక చేతిలో మల్లెపూల పొట్లం. దానితోపాటు గొట్టంలా చుట్టిన కాగితం.

"ఇదిగో" అన్నారు. "పొల్యూషన్ సర్టిఫికెట్టు. ఆన్‌లైన్లో కూడా ఎక్కింది."

కాగితం విప్పాను. మా కారు నంబరే. నంబరు పలక ఫొటో మా వాకిట్లో తీసిందే, వెనక మా తులసికోట అంచు కనిపిస్తోంది. కార్బన్ మోనాక్సైడు దగ్గర సున్నా పాయింట్ సున్నా ఎనిమిది.

"ఇది ఏ బండి పొగండీ?" అన్నాను.

ఆయన చెప్పులు విడిచి, చెప్పుల జత సరిచేసి, తిన్నగా పెట్టి, అప్పుడు చెప్పారు.

"ఎవరిదో కొత్త కారుది. తెలిసినవాళ్లు చేసిపెట్టారు. అందరూ చేయించుకుంటున్నదే కన్యకా. షరతు పెట్టింది నేనే కదా, నేనే తీసేస్తున్నాను. నీ కారు నీకుంటుంది."

ఇరవయ్యారేళ్లుగా చూస్తున్నాను ఆయన్ని. తడిసిన సంచి ఒక్కటి కూడా పొడి సంచుల మధ్యలో పెట్టి అమ్మలేదు. అలాంటి మనిషి ఎవరి దగ్గరికో వెళ్లి, గొంతు తగ్గించి అడిగి ఉంటారు. నా కోసం. ఆ సంగతి తెలియనట్టు నటించడం నాకు చేతకాలేదు.

"పూలు ఉంచుకుంటానండి" అన్నాను. "కాగితం వద్దు. రద్దు చేయించెయ్యండి."

"పాసయింది కదే!"

"ఎవరి కారో పాసయింది. నాది కాలేదు."

"ఇంత పట్టింపేంటి కన్యకా? ఎవరు చూస్తారు?"

"నేను చూస్తానండి. రోజూ వాకిట్లో నేనే కదా చూసేది."

ఆయన కాగితాన్ని మళ్లీ అలాగే చుట్టారు. లోపలికి వెళుతూ గుమ్మం దగ్గర ఆగారు. "రేపు చెప్పి తీయించేస్తాను" అన్నారు. గొంతులో కోపం లేదు. కాస్త తేలికపడ్డట్టు కూడా ఉంది. ఇక మిగిలింది పదమూడు రోజులు.

మర్నాడు ట్యూషనుంది. సెకండియర్ పిల్లలు నలుగురు వచ్చారు. అందులో నాగదుర్గ అనే పిల్ల అంతర్వేది వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటుంది. వాళ్ల నాన్నది చేపల వేట. చెప్పినదాన్ని చెప్పినట్టు ఒప్పుకోదు, ప్రతిదానికీ ఒక ప్రశ్న వేస్తుంది. ఆ రోజు పాఠం క్యాటలిస్టులు. ఏడేళ్లుగా చెబుతున్న పాఠమే, పుస్తకం తియ్యకుండా చెప్పేస్తాను. ప్లాటినం, పల్లాడియం, కార్ల పొగ గొట్టాల్లో వాడకం. అదంతా కూడా అందులోదే.

"ఒక వేడి దాటితేనే అది పనిచేస్తుంది. రెండొందల యాభై, మూడొందల డిగ్రీలు ఉండాలి" అన్నాను.

"చల్లగా ఉంటే ఏమవుద్ది మేడమ్? పాడైపోద్దా?" అంది నాగదుర్గ.

"పాడవదు. ఏమీ అవదు. చల్లగా ఉన్నంతసేపూ పని చెయ్యకుండా ఊరికే ఉంటుంది."

అని, ఆగిపోయాను.

పిల్లలు పెన్నులు పట్టుకుని చూస్తున్నారు. నేను కిటికీలోంచి వాకిట్లోకి చూస్తున్నాను. బ్రహ్మంగారు జల్లెడ అన్నది దీన్నే. లారీ మీద మోసుకెళ్లి, చెక్కల మీద దింపి, తాళం తిప్పిన రెండో నిమిషంలో గొట్టం పెట్టాం. ఒకసారి కాదు, రెండుసార్లు. ఏడేళ్లు పాఠం చెప్పిన మనిషిని, పక్కన నిలబడి చూశాను.

"మేడమ్, రాసుకోమా?"

"రాసుకోండి" అన్నాను. "కింద గీత పెట్టుకోండి."

పాఠం అవగానే కాలవగట్టుకి వెళ్లాను. బ్రహ్మంగారు విని నుదురు కొట్టుకున్నారు. "లారీ మీద తీసుకెళ్లారా? నాకు చెప్పలేదేంటమ్మా! నడుపుకెళ్లారనుకున్నాను. ఎంత షావుకార్లయితే మాత్రం కారుని కూడా బస్తాలా మోస్తారా?"

"జల్లెడ పోలేదంటారా మరి?"

"పోయిందో లేదో ఇంకా చూడనే లేదు మనం. ముప్పై, నలభై కిలోమీటర్లు ఆపకుండా తిప్పండి. బాగా కాలాలి. కాలినదాన్ని కాలినట్టే తీసుకెళ్లి పెట్టించండి. అప్పటికీ రాకపోతే పోయినట్టే."

ఇరవయ్యో తారీఖు పొద్దున్న నేను తాళం తీసుకుని బయటికొచ్చేసరికి మావారు అరుగు మీద ఉన్నారు.

"లారీకి కబురు చెయ్యనా?"

"వద్దండి. నడుపుకెళ్తాను."

"కాగితం లేకుండానా?"

"కాగితం కోసమే కదండీ వెళ్లేది. ఎవరైనా ఆపితే అదే చెబుతాను. జరిమానా వేస్తే కడతాను."

"దారిలో ఆగిపోతే?"

"ఫోన్ చేస్తాను."

ఆయన ఖాళీగా ఉన్న రెండో సీటు వైపు చూశారు. నా వైపు చూశారు. నేను రమ్మనలేదు, ఆయన వస్తాననలేదు. గేటు రెండు రెక్కలూ తీసి పట్టుకున్నారు.

గుడ్డ కప్పు వెనక్కి మడిచి ఆలమూరు మీదుగా జొన్నాడ దాకా వెళ్లాను. కాలవలకి నీళ్లు వదిలి నాలుగు రోజులవుతోంది. గట్ల వెంట ఎర్రటి కొత్త నీరు, అక్కడక్కడా ఆకుమళ్లు. మొదటి పది కిలోమీటర్లూ నా భుజాలు చెవుల దగ్గరే ఉన్నాయి. గేరు మార్చిన ప్రతిసారీ ఏదో విరుగుతుందేమో అనిపించింది. హైవే ఎక్కాక ఒక పాల వ్యాను నన్ను దాటింది. కాసేపటికి నేను దాన్ని దాటాను. వంతెన మీద గోదారి గాలి ఒక్కసారిగా మీద పడి జడ వెనక్కి లాగేసింది. రావులపాలెంలో ఆగలేదు. తిప్పుకుని మళ్లీ వంతెనెక్కాను. వేడి చూపించే ముల్లు సగానికొచ్చి కదలకుండా నిలబడింది. నా భుజాలు ఎప్పుడు దిగాయో నేను చూసుకోలేదు.

తీరా బంకు దగ్గరికొస్తే నాకంటే ముందు నాలుగు ఆటోలున్నాయి. ఇంజను ఆపకుండా కూర్చున్నాను. ముందు ఆటో అతను, చొక్కా జేబు మీద వీరబాబు అని కుట్టించుకున్నాడు, దిగి వచ్చాడు.

"అమ్మగారూ, ఇంజను ఆపుకోండి. పెట్రోలు ఊరికే పోతంది."

"ఆపితే చల్లారిపోతుందండి. చల్లారితే ఫెయిలవుతుంది."

"అదేమన్నా అన్నమా అండీ చల్లారిపోడానికి!" అని, కారు చుట్టూ ఒకసారి చూసి వెనక్కి తిరిగి అరిచాడు. "ఒరే, ఈవిడగారిని ముందు పోనివ్వండ్రా. మన బళ్లు కాలినా చల్లారినా ఒకటే పొగ!"

ఆటోలు పక్కకి జరిగాయి. వినీల గొట్టం పట్టుకొచ్చింది. ఈసారి లారీ లేకపోవడం చూసింది గానీ ఏమీ అడగలేదు. తెర మీద అంకెలు మొదలయ్యాయి. సున్నా పాయింట్ తొమ్మిది. ఏడు. ఏడు దగ్గర ఆగిపోయినట్టే ఉంది. ఆరు. నేను తెర చూడడం మానేసి ఆ అమ్మాయి మొహం చూశాను. చున్నీ పైన కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

"నాలుగు పాయింట్... క్షమించండి, సున్నా పాయింట్ నాలుగు నాలుగండి. అర శాతం లోపేనండి."

వీరబాబు చప్పట్లు కొట్టాడు. ఎందుకు కొడుతున్నారో తెలియకుండానే మిగతా ముగ్గురూ కొట్టారు.

"నంబరు పలక ఫొటోలో మీ చీర కొంగు కూడా పడిందండి. మళ్లీ తియ్యనా?" అంది వినీల.

"ఉండనివ్వమ్మా" అన్నాను.

మిగతా పని పద్ధతి ప్రకారం అయింది. ఫిట్‌నెస్సు చూసే ఆయన బ్రేకు రెండుసార్లు తొక్కించారు, లైట్లు వేయించారు, నన్నే బండి నడిపి ఒక చుట్టు తిప్పి చూపించమన్నారు. ఇరవయ్యెనిమిదో తారీఖుకి ఇంకో అయిదేళ్లకి రిజిస్ట్రేషను వచ్చింది.

మర్నాడు ఆదివారం. అందరం మధ్యాహ్నం భోజనాలకి కూర్చున్నాం. దోసకాయ పప్పు, ములక్కాడల పులుసు. మావారు పప్పన్నం కలుపుకుంటూ అన్నారు.

"కాగితాలన్నీ అయిపోయాయిగా. మంచి కవరొకటి కుట్టిస్తాను, గోనె వద్దులే, ఎలకలు. కప్పేసి ఉంచుదాం. వానలు వచ్చేస్తున్నాయి."

"కవరు కుట్టించండి" అన్నాను. "కానీ వారం వారం తిప్పాలటండి, బ్రహ్మంగారు చెప్పారు. మంగళవారం మంగళవారం పొద్దున్న ఆరింటికి కారు తీస్తాను. పదకొండింటికి వస్తాను. ఆ రోజు టిఫినూ, కాఫీలూ మీరు చూసుకోవాలి."

అత్తయ్యగారి చెయ్యి కంచంలోనే ఆగింది. "అయిదు గంటలా? ఎక్కడికమ్మాయ్ అంతసేపు?"

"ఫలానా చోటికని లేదండి. వెళ్లి వస్తాను."

"కాఫీ కూడానా?" అన్నారు మావారు.

"డికాషను ముందురోజే తీసి ఉంచుతాను. పాలు కాచుకోండి."

"పొంగించకండి నాన్నా" అంది హరిచందన.

ఆయన రెండు ముద్దలు తిన్నారు. పులుసు వడ్డించాను. ములక్కాడ ముక్క పక్కకి తీసి పెట్టుకుంటూ, కంచంలోకే చూస్తూ అన్నారు.

"మంగళవారం కొట్లో లోడు దిగే రోజు. నేను ఆరింటికల్లా అక్కడుండాలి. బుధవారం పెట్టుకోకూడదూ?"

ఆయన ముప్పయ్యేళ్లుగా బేరాలాడే మనిషి. కుదరదనుకున్న సరుకుకి ఏ రోజు దింపుతారని అడగరు. అత్తయ్యగారు కొడుకు వైపు, నా వైపు చూసి, మళ్లీ అన్నం కలుపుకోవడం మొదలుపెట్టారు.

"సరేనండి" అన్నాను. "బుధవారం."